గాలపు ఎర: తుంగభద్ర నుంచి పెన్న దాకా

గాలానికి గుచ్చి చేప చేత నోరు తెరిపించేది ఎర. అది వానపాము కావచ్చు, పిండి ముద్ద కావచ్చు, తిండి కానే కాని రబ్బరు కప్ప కావచ్చు. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో గాలం వేసేవాళ్లు ఏ నీళ్లకు ఏ ఎర కడతారు, ఎందుకు కడతారు అన్నది ఈ వ్యాసానికి విషయం. ఇంగ్లీషులో ఎరల మీద వచ్చిన రాతలో పెద్ద భాగం చలిదేశాల ట్రౌట్ చేప చుట్టూ తిరుగుతుంది. గడ్డకట్టిన సరస్సుకు బెజ్జం వేసి, అందులోంచి గాలం దించి ట్రౌట్‌ను పట్టడం అక్కడ ఒక పెద్ద విద్య. నంద్యాల ఎండలో ఆ మాటలు వింతగానే ఉంటాయి. అయినా అక్కడైనా ఇక్కడైనా ఎర ఎంపికలో మొదటి మాట నీళ్లదే. వాటి వేడి, రంగు, లోతు, కదలిక తెలిశాకే చేప నోటి సంగతి.

నీళ్లు

కరువు సీమ అన్న పేరున్నా ఈ నేలలో నిలవ నీళ్లకు కొదవ లేదు. తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట ఉంది. అక్కడ మొదలై కడప దాకా సాగే కె.సి. కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ సాగుకే కాక పడవల రవాణాకు కూడా పనికొస్తుందని తవ్వింది. లాభాలు రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. కృష్ణ మీద శ్రీశైలం ఆనకట్టకు నెహ్రూ 1963లో శంకుస్థాపన చేశాడు. నిండు మట్టం 885 అడుగులకు నీళ్లు చేరితే కర్నూలు వైపు చాలా దూరం వెనక్కి ఎగదన్నుతాయి. ఏటా మునిగి, ఎండాకాలంలో తేలే సంగమేశ్వరం గుడి ఈ జలాశయం మట్టం ఎంతగా మారుతుందో చూపిస్తుంది. ఇవి కాక వెలుగోడు, అవుకు, హంద్రి మీద గాజులదిన్నె. కడప వైపు వస్తే పెన్న మీద గండికోట, మైలవరం, బ్రహ్మంగారిమఠం దగ్గర బ్రహ్మంసాగర్. నెల్లూరు జిల్లాలో కట్టిన సోమశిల ఆనకట్ట వెనక నీళ్లు కడప పల్లెల్లోకి వస్తాయి. వీటన్నిటికన్నా పాతది పోరుమామిళ్ల చెరువు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువు దగ్గరున్న 1369 నాటి శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తగలకూడని ఆరు దోషాలను చెబుతుంది.

రెండు జిల్లాలు పక్కపక్కనే ఉన్నా గాలం వేసేవాళ్లకు పంచాంగం మాత్రం ఒకటి కాదు. తుంగభద్ర, కృష్ణలకు వరద పడమటి కనుమల మీద కురిసే నైరుతి వానలతో వస్తుంది. కర్నూలు దగ్గర జూలై నుంచి సెప్టెంబరు దాకా నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉంటాయి. పెన్న, చెయ్యేరులకు పెద్ద నీళ్లు చాలాసార్లు ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ఆనకట్ట కొట్టుకుపోయింది అలాంటి వరదలోనే. అందువల్ల సుంకేసుల దగ్గర నీళ్లు తేరుకుని, కంటితో చూసి కొరికే చేపలకు పని మొదలయ్యే రోజుల్లో రాజంపేట వైపు ఇంకా బురద నీళ్లే పారుతుంటాయి. కర్నూలు స్నేహితుడు చెప్పిన ఎరను అదే వారం కడపలో వాడినవాడికి ఏమీ పడకపోతే తప్పు ఎరది కాదు.

మంచు కింద ట్రౌట్

ఇక్కడి ఎరలు అర్థం కావాలంటే అక్కడి ఎరలను ఒకసారి చూడటం మేలు. ట్రౌట్ చల్లని, ప్రాణవాయువు నిండిన నీళ్ల చేప. నీటి వేడి 25 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలకు వెళ్లేసరికి దాని ప్రాణం మీదికి వస్తుంది. రాయలసీమ చెరువు మే నెల మధ్యాహ్నం 30 డిగ్రీలు దాటడం మామూలు. గడ్డకట్టే స్థితిలో ఉన్న మంచినీళ్లు లీటరుకు 14 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువును పట్టి ఉంచగలవు. 30 డిగ్రీల దగ్గర అది 7.5 మిల్లీగ్రాములకు దిగిపోతుంది. అంటే సగానికి కాస్త ఎక్కువ.

నీళ్లకు 4 డిగ్రీల దగ్గర బరువు ఎక్కువ. అందుకే చలికాలంలో సరస్సు అడుగున 4 డిగ్రీల నీళ్లు, పైన మంచుకు ఆనుకుని అంతకన్నా చల్లని నీళ్లు ఉంటాయి. ఆ చలిలో చేప ఒంట్లో పనులన్నీ మందగిస్తాయి. తిండి అవసరం తగ్గుతుంది, దూరం పరిగెత్తే ఓపిక ఉండదు. కాబట్టి ఎర చిన్నది కావాలి, కదలిక కొద్దిగా ఉండాలి. సీసం తల ఉన్న చిన్న గాలానికి ఒక ఈగ పురుగునో మైనపు పురుగునో గుచ్చి దించుతారు. దాన్ని నాలుగుసార్లు కొద్దికొద్దిగా ఎగరేసి ఆపుతారు. చాలాసార్లు చేప అందుకునేది ఆ ఆపిన క్షణంలోనే. ఒడ్డుకు దగ్గరగా తిరిగే ఇంద్రధనుస్సు ట్రౌట్‌కు మంచు కింద ఒకటి రెండు మీటర్ల లోతు చాలు. లోతుల్లో ఉండే లేక్ ట్రౌట్‌కు బరువైన లోహపు చెంచా, గొట్టంలాంటి మెత్తటి ప్లాస్టిక్ బొమ్మ కావాలి. ఎండ ఉంటే వెండి, బంగారు మెరుపు. లోతులో, మబ్బులో చీకట్లో వెలిగే పూత.

ట్రౌట్ దక్షిణ భారతానికి పూర్తిగా పరాయిదీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1860లలో నీలగిరికి దాన్ని తెచ్చే ప్రయత్నం చేశాడు. అది ఫలించలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో అవలాంచి దగ్గర పొదుగు కేంద్రం పెట్టాకే ఊటీ వాగుల్లో ట్రౌట్ నిలదొక్కుకుంది. ఇప్పుడు హైదరాబాద్ పక్కన కందుకూరులో నీళ్లను యంత్రాలతో చల్లబరిచి, శుద్ధి చేసి తిప్పుతూ దాన్ని పెంచుతున్నారు. అది పెంపకమే, వేటకు సంబంధం లేదు. సీమలో ట్రౌట్‌కు గాలం వేసే చోటు లేదు.

పిండి ముద్ద

ఇక్కడ వేడి నీళ్లలో చేప ఒళ్లు చురుగ్గా ఉంటుంది, ఆకలి ఎక్కువ, అరుగుదల వేగం. అయితే ఎండ ముదిరేసరికి ప్రాణవాయువు చాలక అది లోతుకో నీడకో పోతుంది. అందుకే ఎండాకాలంలో గాలం వేళ పొద్దు పొడవకముందు, మళ్లీ పొద్దు వాలాక. మధ్యలో మంచి ఎర పెట్టినా చేప రాదు.

బొచ్చె, రాగండి, ఎర్రమోసు సీమ జలాశయాల్లో ప్రభుత్వం ఏటా పిల్లలు వదిలే మూడు ముఖ్యమైన చేపలు. మూడూ ఒకే కుటుంబానివి, మూడింటి నోళ్లు మూడు తీర్లు. బొచ్చె కింది పెదవి ముందుకు, పైకి తిరిగి ఉంటుంది. అది పైనీళ్లలో తేలే సూక్ష్మజీవులను వడగట్టుకు తింటుంది. రాగండి నోరు కాస్త కిందికి ఉంటుంది, అంచుల్లో కుచ్చుల పెదవులుంటాయి. దాని తిరుగుడు నడి నీళ్లలో. ఎర్రమోసు నోరు పూర్తిగా కిందివైపు. అడుగు బురదలో కుళ్లిన ఆకూ అలమూ దాని తిండి. ఈ మూడు మాటలు గుర్తున్నవాడికి బెండు ఎక్కడ కట్టాలో వేరే చెప్పక్కర్లేదు. బొచ్చెకు బెండు కింద తంగూసు పొట్టిగా ఉంచి ఎరను పైన తేలనివ్వాలి. రాగండికి సగం లోతు. ఎర్రమోసుకు సీసం గుండు అడుగు తాకాలి, ఎర బురద మీద కూర్చోవాలి. ఒకే పిండి, ఒకే గాలం, లోతు మారితే చేప మారుతుంది.

ఈ చేపలు మెరిసే లోహపు ముక్కల వెంట సాధారణంగా పడవు. ఎరను చప్పరించి, నచ్చకపోతే ఉమ్మేస్తాయి. కాబట్టి రుచి, వాసన, మెత్తదనం మూడూ కుదరాలి. గోధుమపిండో మైదానో కలిపి గట్టి ముద్ద చేయడం అందరికీ తెలిసిన పద్ధతి. సీమలో దొరికే అసలు సరుకు మాత్రం నూనె గానుగ దగ్గరిది. వేరుశనగను కర్నూలు వైపు బుడ్డలంటారు, కడప వైపు శెనక్కాయలంటారు, ఆ గింజల నూనె తీశాక మిగిలిన చెక్కను నానబెట్టి, తవుడూ పిండీ కలిపి పిసికితే నీళ్లలో నూనె వాసన చాలా దూరం పాకుతుంది. చేపల చెరువుల్లో మేతగా వేసేదీ ఈ చెక్కా తవుడే. అందువల్ల పెంపకపు చేపకు ఈ రుచి పిల్లప్పటి నుంచీ అలవాటు. వదిలిన చేపల చెరువులో చెక్క ముద్ద బాగా పనిచేయడం వెనక రహస్యం ఇంతే. జొన్న సంగటి, అన్నం ముద్ద, బ్రెడ్డు ముక్క కూడా వాడతారు. పాకం చిక్కదనం ముఖ్యం: పలచనైతే విసిరేటప్పుడే రాలిపోతుంది, మరీ గట్టిపడితే వాసన వదలదు, గాలపు మొన చేప పెదవికి చేరదు.

గాలం దించేముందు అదే చెక్కను ఉండలు చేసి ఒకే చోట చల్లి, కాసేపు ఆగడం మంచి వేటగాళ్ల పద్ధతి. చేపలు మేతకు చేరాక అడుగు నుంచి సన్నని బుడగలు వరుసగా లేస్తాయి. ఓపిక లేనివాడు చోటు మార్చి మార్చి ఉన్న మేతనంతా చెరువంతా చల్లి వస్తాడు, సంచి ఖాళీగా. పడవలూ పుట్టీలూ తిరిగే రేవు పక్కన కూర్చునేవాడి గతీ అదే. బొచ్చె, రాగండి కుటుంబానికి గాలితిత్తి నుంచి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, చప్పుడు వాటికి బాగా తెలుస్తుంది.

జిలేబి చేప సంగతి వేరు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ తిలాపియా భారతదేశానికి 1952లో చేరింది. ఇప్పుడు సీమలో అది లేని కుంట అరుదు. వానపాము ముక్క, పిండి, నాచు పోగు, ఏది గుచ్చినా కొరుకుతుంది. పిల్లలు మొదట నేర్చుకునేది దీని మీదే. జొన్న దంటు లోపలి బెండు, నాలుగు బారల తంగూసు, చిన్న గాలం, తోటలో కాలువ పక్కన తవ్విన వానపాములు ఉంటే చాలు. ఎర ఎంపిక పాఠం దీని దగ్గర నేర్చుకోలేరు. అది అంత తేలికైన చేప.

కొర్రమీను, కప్ప

సీమలో గాలం వేసేవాళ్ల మాటల్లో ఎక్కువగా వినిపించే పేరు కొర్రమీను. పొరుగున తెలంగాణ దీన్ని రాష్ట్ర చేపగా పెట్టుకుంది. మృగశిర కార్తెనాడు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప మందులోనూ ఈ చేప పిల్లే ఉంటుంది. కరువు నేలకు ఇది సరిపోయే జీవి. తల లోపలున్న ప్రత్యేక అరతో నేరుగా గాలి పీలుస్తుంది. నీళ్లు చెడినా, చెరువు బురదై మిగిలినా బతుకుతుంది. ఆ వరం వెనకే ఒక షరతు: కాసేపటికోసారి పైకి వచ్చి గాలి మింగి తీరాలి. ఆ గుటక చప్పుడే దాని ఆచూకీ.

కొర్రమీను మాటువేసి వేటాడే చేప. నాచు, తామరాకులు, గుర్రపుడెక్క కింద కదలకుండా ఉండి, పైన ఏదైనా కదిలితే ఒక్క దూకుతో అందుకుంటుంది. పాతకాలం ఎర బతికిన చిన్న కప్ప, లేదా మిడత, లేదా పరిగె పిల్ల. కప్పను తొడ దగ్గర గుచ్చి ఆకుల మీద వదిలేవారు. ఇప్పుడు ఆ పనిని బోలుగా ఉండే రబ్బరు కప్ప చేస్తోంది. దీని వీపుకు రెండు మొనల గాలం ఆనుకుని ఉంటుంది. నాచు మీదుగా లాగినా చిక్కుకోదు. చేప నోట్లో పడి నొక్కుకుపోయినప్పుడే మొనలు బయటపడతాయి. గడ్డి నిండిన చెరువులకు ఇంతకన్నా తెలివైన బొమ్మ రాలేదన్నది అతిశయోక్తి కాదు.

దుకాణంలో పసుపు, తెలుపు, చిలకపచ్చ, నలుపు కప్పలు వరుసగా కనిపిస్తే కొత్తవాళ్లు రంగు దగ్గరే ఆగిపోతారు. కింద నుంచి ఆకాశం వైపు చూసే చేపకు పైన తేలే వస్తువు ముందు నల్లని నీడగానే కనిపిస్తుంది. రంగు కన్నా పరిమాణం, లాగే తీరు ఎక్కువ పని చేస్తాయి. గడ్డి ఖాళీల దగ్గర ఒక్క క్షణం ఆపడం, మళ్లీ కొద్దిగా జరపడం. ట్రౌట్ వేటగాడు మంచు బెజ్జంలో చేసే పని కూడా ఇదే. చేప ఎగిసి కొట్టగానే కర్రను లాగేవాడు ఎర ఒక్కటే వెనక్కి తెచ్చుకుంటాడు. నోరు మూసి కిందికి తిరిగేదాకా ఆగాలి.

ఒక పద్ధతి మాత్రం మానుకోవలసింది. వాన మొదట్లో కొర్రమీను గుడ్లు పెట్టి, పిల్లల గుంపును కాపలా కాస్తుంది. ఎర్రగా, గుంపుగా పైనీళ్లలో గిలగిలలాడే ఆ పిల్లల కింద పెద్ద చేప ఉన్నట్టే. ఆ గుంపు మీదికి కప్పను విసిరితే అది తప్పకుండా కొడుతుంది. అప్పుడు కొట్టేది పిల్లల మీద ప్రేమతో, ఆకలితో కాదు. ఆ ఒక్క చేప సంచిలో పడితే పిల్లల గుంపంతా జెల్లలకూ కొంగలకూ మేతవుతుంది. ఆ నెలల్లో పిల్లల గుంపు మీద గాలం వేయడం చేతకాని వేట అనే చెప్పాలి.

వాసన పట్టే చేపలు

వరద నీళ్లలో కళ్లకు పని లేదు. సన్నని ఒండ్రు నిండిన నీళ్లలో నీలం వెలుగు ముందే పోతుంది, పసుపు, నారింజ ఛాయలు కాస్త మిగులుతాయి. తేరిన లోతు నీళ్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకం, అక్కడ ఎరుపు మొదట మాయమవుతుంది. ఎర్రని బొమ్మ లోతుకు దిగాక నల్లగా మారుతుంది. గండికోట లాంటి లోతైన జలాశయంలో ఎరుపు మీద పెట్టిన డబ్బు వృథా. అదే బొమ్మ కె.సి. కాలువ బురదలో నాలుగు అంగుళాల్లోనే ఉపయోగపడొచ్చు.

బురదలో గెలిచేది మీసాల చేపలు. జెల్లలు, వాలుగ, మార్పు, ఇంగిలాయి. వీటికి రుచి మొగ్గలు నోట్లోనే కాక మీసాల మీద, ఒంటి మీద కూడా ఉంటాయి. ఒక విధంగా చేప మొత్తం నాలుకే. వీటికి వానపాము ఒకటి కాదు, నాలుగైదు కలిపి గుత్తిగా గుచ్చుతారు. కోడి పేగులు, రొయ్య ముక్క, కాస్త వాసన తిరిగిన మాంసం ఇంకా బలమైనవి. రాత్రి వేళ ఒడ్డు నుంచి అడుగుకు వదిలి, కర్రకు గజ్జె కట్టి కూర్చునేవాళ్లుంటారు.

వాలుగను ఆంగ్లేయులు మంచినీటి సొరచేప అన్నారు. నోరు కళ్లను దాటి వెనక్కి చీలి ఉంటుంది, లోపల వరుస పళ్లు. ఇది చేపలను వేటాడే చేప కాబట్టి పరిగెలను ఎర చేసి పడతారు. అలల కదలికను పసిగట్టే పక్క గీత దీనికి పదును కాబట్టి తిరిగే చెంచా కూడా పనిచేస్తుంది. తుంగభద్ర, కృష్ణల్లో ఒకప్పుడు పెద్ద వాలుగలు పడ్డ కథలు బెస్తల నోట ఇప్పటికీ వినిపిస్తాయి. ఆ చేప మాత్రం ప్రపంచమంతటా తగ్గుతున్న జాతుల జాబితాలో ఉంది.

మార్పు పేరుతో అమ్ముడయ్యే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మరో రకం. దాని పెంపకాన్ని భారత ప్రభుత్వం నిషేధించింది. కానీ చెరువుల్లోంచి కాలువల్లోకి తప్పించుకున్నవి చాలా ఉన్నాయి. కోడి పేగుకు పడితే దాన్ని మళ్లీ నీళ్లలో వదలకపోవడమే స్థానిక చేపలకు మేలు.

బావులు

మంచు బెజ్జంలోంచి నిట్టనిలువుగా గాలం దించే వేటకు సీమలో ఒక దగ్గరి బంధువు ఉంది: పాత దిగుడు బావుల్లో, మోట బావుల్లో గాలం వేయడం. ఇక్కడా విసరడం లేదు. ఎర నేరుగా కిందికి దిగాలి, పైకీ కిందికీ మాత్రమే కదలాలి. బావి నీళ్లు చెరువు నీళ్లకన్నా చల్లగా, తేటగా ఉంటాయి. దోమల లార్వా తింటాయని పరిగెలనూ, తర్వాత వైద్య శాఖ ద్వారా గంబూసియా చేపలనూ బావుల్లో వదిలారు. కొందరు రైతులు కొర్రమీను పిల్లలనూ వేసుకునేవారు. తేట నీళ్లలో లావు తంగూసు చేపకు కనిపిస్తుంది కాబట్టి సన్నది కావాలి. ఎర చిన్నది, బతికినది: వానపాము తుంపో, మొదటి వానకు లేచిన ఉసిళ్లో. గొట్టపు బావులు వచ్చి ఈ బావులు ఎండిపోయాక ఆ వేట దాదాపు పోయింది. తేట నీళ్ల మాట వచ్చింది కాబట్టి మహానంది కోనేరునూ చెప్పాలి. ఏడాది పొడుగునా ఊరే ఆ నీళ్లలో చేపలు కళ్లెదుటే తిరుగుతాయి, గుడి నీళ్లు కాబట్టి అక్కడ గాలం మాట ఎవరూ ఎత్తరు.

పాత పుస్తకాలు, కొత్త బొమ్మలు

ఎరల మీద రాత ఈ నేలకు కొత్త కాదు. కర్నూలు సీమను ఏలిన కల్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో సంస్కృతంలో కూర్చిన మానసోల్లాసం నిజానికి ఒక విజ్ఞాన సర్వస్వం. అందులో మత్స్యవినోదం అనే భాగం ఉంది. చేపల రకాలు, దారం పేనే తీరు, కర్ర, ఏ చేపకు ఏ మేత పెట్టి మచ్చిక చేయాలి అన్నవి అందులో చర్చకు వస్తాయి. గాలానికి ముందు మేత చల్లడం రాజుల వినోదంలో అప్పటికే ఒక పద్ధతి.

బ్రిటిషు కాలంలో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివాన్ థామస్ 1873లో ది రాడ్ ఇన్ ఇండియా అనే పుస్తకం తెచ్చాడు. తర్వాత 1887లో చెరువుల గాలం మీదే ప్రత్యేకంగా ఇంకో పుస్తకం రాశాడు. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు ట్రౌట్ ఎరలు మోసుకొచ్చి మన చెరువుల్లో విఫలమవుతున్న కాలంలో స్థానిక చేపకు స్థానిక ఎర చూడాలని చెప్పినవాడు కాబట్టి ఆయన్ని తలుచుకోవడం న్యాయం.

లోహపు చెంచా ఎర అమెరికాలో పుట్టింది. వెర్మాంట్ రాష్ట్రపు జూలియో బ్యూయెల్ చేతిలోని చెంచా సరస్సులో జారిపడితే చేప దాన్ని అందుకోవడం చూసి ఆలోచన తట్టిందని చెప్పుకుంటారు. ఆయన 1852లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఫిన్లాండ్ జాలరి లౌరి రపాలా 1936లో బెరడు చెక్కి, చాక్లెట్ చుట్టే వెండి కాగితం అంటించి గాయపడిన చేపలా వంకర నడక నడిచే బొమ్మ చేశాడు. గుంపులోంచి వేటాడే చేప ఎంచుకునేది కుంటుతున్న పిల్లనే అన్నది ఆయన గమనించిన సంగతి. ఆ రపాలా పేరున్న బొమ్మలు ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు దుకాణాల మీదుగా కర్నూలు చేరుతున్నాయి. సీమలో గాలం వేసేవాళ్లలో చాలామంది కొత్త పద్ధతులు నేర్చుకుంటున్నది యూట్యూబ్‌లో, ఎక్కువగా కేరళ వీడియోలు చూసి. కేరళ కాలువలకూ సీమ చెరువులకూ నీటి తేట, గడ్డి, లోతు ఒకటి కాదు. అక్కడ పనిచేసిన బొమ్మ ఇక్కడ పనిచేయకపోతే చేపను తిట్టి లాభం లేదు.

చట్టం, హక్కు

ఎర ఎంపికలో చట్టానికీ చోటుంది. మన బావురు కప్పలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. కప్ప కాళ్ల ఎగుమతిని దేశం 1987లోనే ఆపేసింది. పొలాల్లో పురుగులను తినే కప్పను గాలానికి గుచ్చే అవసరం రబ్బరు కప్ప వచ్చాక మిగల్లేదు. నీళ్లలో విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచే నేరాలు. అయినా ఎండాకాలం మడుగుల్లో ఆ దారుణం పూర్తిగా ఆగలేదు. శ్రీశైలం జలాశయంలో సన్నకన్నుల అలివి వలలతో పిల్ల చేపలను ఊడ్చేయడం మీద ఏళ్ల తరబడి గొడవలున్నాయి. ఆ వలలూ నిషేధమే. పిల్లలే మిగలని నీళ్లలో ఎంత మంచి ఎరైనా ఎవరికి?

శ్రీశైలం ఒడ్డులో చాలా భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోది. అక్కడ అనుమతి లేకుండా దిగకూడదు. ఆ నీళ్లలో మొసళ్లూ ఉన్నాయి, కోడి పేగుల వాసన వాటికీ తెలుస్తుంది. తెగిన తంగూసు ఒడ్డున వదిలేస్తే కొంగల కాళ్లకూ, తాబేళ్ల మెడలకూ చుట్టుకుంటుంది. దాన్ని చుట్టి జేబులో వేసుకుని పోవడం కష్టమేమీ కాదు.

ఇక హక్కు. జలాశయాల్లో చేపలు పట్టడానికి లైసెన్సులు మత్స్య శాఖ ఇస్తుంది. ఊరి చెరువుల్లో చేపల మీద హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానికో, పంచాయతీ వేలంలో పాడుకున్నవాళ్లకో ఉంటుంది. అప్పు చేసి పిల్లలు వదిలి, వరదకూ కరువుకూ భయపడుతూ ఏడాదంతా కాపలా కాసేది ఆ బెస్త కుటుంబాలే. సరదాకు వెళ్లేవాళ్లు కర్ర విప్పేముందు ఆ చెరువు ఎవరిదో కనుక్కోవాలి, వాళ్లను అడిగి, వాళ్లు కాదంటే వెనక్కి రావాలి. అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఏ మూల ఏ ఎరకు ఏ చేప పడుతుందో కూడా వాళ్లే చెబుతారు.